కజ్జికాయల వ్యవహారంపై ఒక ప్రకటన

లైమా, ఒహాయో
ఏప్రిల్ 2, 1982

బావగారికి,

శ్యామ్‌సుందర్ నమస్కారాలు. అక్కయ్యకి వేరే ఉత్తరం రాశాను, అందులో అంతా కులాసా అని ఉంటుంది. ఇది మాత్రం మీ ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను. ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో రెండు ఫోన్లున్నాయి, రెండోది ఎప్పుడూ అక్కయ్య చెవి దగ్గరే ఉంటుంది.

మీరు అంత పెద్ద ఫుడ్ కంపెనీకి పబ్లిక్ రిలేషన్స్ చూస్తారు కదా. డబ్బాలో బొద్దింక వచ్చినా జనం చేత మళ్లీ ఆ డబ్బానే కొనిపిస్తానని ప్రతి పెళ్లిలోనూ చెబుతారు. ఆ విద్య కొంచెం నాకిప్పుడు కావాలి. నా పరువు పోయింది.

పోయిన శనివారం మా తెలుగు సంఘం ఉగాది. హైస్కూల్ కేఫటేరియా అద్దెకి తీసుకున్నాం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చి రెండు వందల మంది అయ్యారు. నైవేద్యానికి కజ్జికాయలు ఏటా నావే. ఈసారి మూడు వందలు కావాలన్నారు. ప్లాంట్‌లో శుక్రవారం దాకా షట్‌డౌన్ పని, పిండి తడిపి ఒత్తే టైమ్ లేదు. సూపర్ మార్కెట్‌లో "పై" అనే అమెరికన్ పిండివంట చేసుకోవడానికి ఒత్తి, గడ్డకట్టించి అమ్మే పిండి రేకులు ఉంటాయి చూడండి, అవి పాతిక డబ్బాలు తెచ్చాను. గుండ్రంగా కోసి, కొబ్బరీ బెల్లం పెట్టి వేయించాను. పొరలు పొరలుగా వచ్చాయి. వేంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి హారతి ఇచ్చాక జనం ఎగబడి తిన్నారు.

ఇక్కడ డాక్టర్ రాజగోపాల్ గారి తల్లి వసుమతమ్మగారని ఉన్నారు. డెబ్భై రెండేళ్లు. ఈ దేశం వచ్చి మూడేళ్లయినా పరాయి ఇంట మంచినీళ్లు కూడా ముట్టరు. మడి కట్టుకుని వండే కుర్రాడినని నా చేతి వంట ఒక్కటే తింటారు. ఆ రోజు రెండు తిని, మూడోది కొంగున కట్టుకుని, మోకాళ్ల నొప్పులని తొందరగా ఇంటికి వెళ్లిపోయారు.

తర్వాత నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఉష అని ఇక్కడి హాస్పిటల్‌లో డైటీషియన్, వెనక కిచెన్ సర్దుతూ ఖాళీ డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. "శ్యామ్ గారి సీక్రెట్ దొరికిందండీ, ఆయన అసలు పిండే కలపలేదు" అని మైకులో నవ్వుతూ డబ్బా మీద సరుకుల పేర్లు చదవడం మొదలుపెట్టింది. మూడో పేరు దగ్గర నవ్వు ఆగిపోయింది. పంది కొవ్వు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మైకు తీసుకుని, "టెక్నికల్‌గా కాయకి నాలుగు గ్రాములేనండీ, వేగాక అది కూడా ఉండదు" అన్నాను. భుజాల మీద శాలువా అలాగే ఉంది. వెనక వరసలో ఎవరో బాత్‌రూమ్ వైపు పరుగెత్తారు.

నన్ను వంట కమిటీ నుంచి తీసేశారు. నలుగురిలోకి వెళితే మాటలు ఆగిపోతున్నాయి. ఏం చెయ్యమంటారో రాయండి.

మీ బావమరిది
శ్యామ్

—

మిల్వాకీ, విస్కాన్సిన్
ఏప్రిల్ 9, 1982

ఒరే శ్యామ్,

నీ ఉత్తరం తలుపేసుకుని చదివాను. మా సెక్రటరీ లోపలికొచ్చి, నా నవ్వు చూసి ఏడుస్తున్నాననుకుంది.

మొదటి పాఠం, ఇది ఉచితం. తప్పు చేసినవాణ్ని జనం ఏడాదిలో మర్చిపోతారు. తప్పు చేసి వెంటనే లెక్క చెప్పినవాణ్ని వాడి మనవల పెళ్లిదాకా గుర్తుపెట్టుకుంటారు. నాలుగు గ్రాములని ఎవడడిగాడురా నిన్ను? అసలు అంత ఠక్కున ఎలా చెప్పావు? సరే, అయిపోయింది. ఇకమీదట ఈ విషయంలో అంకెలు నీ నోట రాకూడదు.

ఇప్పుడు మీ సంఘం పత్రికలో ఒక ప్రకటన వెయ్యాలి. అందులో నువ్వుండకూడదు. "నేను చేశాను" అని రాసిన ప్రకటన పద్దెనిమిదేళ్ల సర్వీసులో నా చేతి మీదుగా ఒక్కటి కూడా పోలేదు. పొరపాట్లు మా కంపెనీలో ఎవరూ చెయ్యరు, అవే దొర్లుతాయి. పంది పేరు కూడా ఎత్తకు. కింద నమూనా ఇస్తున్నాను, అక్షరం మార్చకుండా వెయ్యి.

"ఉగాది నాటి నైవేద్యం విషయంలో తెలియక ఒక పొరపాటు దొర్లినట్లు దృష్టికి వచ్చింది. దీనివల్ల ఎవరి మనసుకైనా ఇబ్బంది కలిగి ఉంటే విచారిస్తున్నాం. అమెరికన్ కంపెనీల లేబుళ్ల పట్ల మనమందరం అప్రమత్తంగా ఉండవలసిన సమయం వచ్చింది."

చివరి వాక్యం చూశావా? నువ్వు దోషిగా లోపలికొచ్చి, హెచ్చరించే పెద్దమనిషిగా బయటికి పోతావు. "తెలియక" అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. అది లేకపోతే మిగతాదంతా దండగ.

మీ అక్క బాగుంది. తనకి నేనేమీ చెప్పలేదు.

బావ

—

లైమా
మే 4, 1982

బావగారికి,

ప్రకటన వేశాం. మీరన్నంతా జరిగింది, కాకపోతే మోతాదు ఎక్కువైంది.

అది చదివిన మర్నాటి నుంచి ఊళ్లో ప్రతి ఇల్లాలూ వంటింటి అలమార ముందు డబ్బాలు తిప్పి చదవడం మొదలుపెట్టింది. పద్మిని గారింట్లో పిల్లలు పదేళ్లుగా తింటున్న మార్ష్‌మాలోస్ మిఠాయిలో ఎముకల జిగురుందని తేలింది. మెక్సికన్ బీన్స్ డబ్బాలో మళ్లీ అదే కొవ్వు. కార్తీక సోమవారాల్లో ఉపవాసం విడుస్తూ తినే బిస్కట్లలో కూడా ఉందట. కృష్ణమూర్తి గారు హోటల్లో వేయించిన బంగాళదుంపలు తప్ప ఇంకేమీ తినని మనిషి. అవి ఆవు కొవ్వులో వేయిస్తారని ఉష చెప్పాక ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు.

ఇప్పుడు నా మీద కోపం తగ్గలేదు, రకం మారింది. ఇన్నాళ్లూ హాయిగా తింటున్నవాళ్లం, నీ వల్ల ఈ సంగతులన్నీ తెలిశాయి అంటున్నారు.

ఇంకొకటి. ఈ గొడవ వసుమతమ్మగారికి చేరలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, సంఘం పత్రిక కొడుకు దాచేశాడు. ఆవిడకి చెప్పకూడదని రెండు వందల మందీ ఒక్కమాట మీద ఉన్నారు. మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది ఇదొక్కటే. పోయిన ఆదివారం లలితా సహస్రనామానికి వస్తే, "ఏం నాయనా, ఈమధ్య వంట మానేశావుట" అని అడిగారు. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారి తివాచీ వంక చూశారు. ఆఫీసులో పనెక్కువని చెప్పాను.

శ్యామ్

—

మిల్వాకీ
మే 12, 1982

శ్యామ్,

నీ ఉత్తరం మా డిపార్ట్‌మెంట్ గోడకి అంటించాల్సింది, తెలుగులో ఉండిపోయింది. ఊరంతా నేరస్తులే అయ్యాక నేరం ఎక్కడిదిరా? మేము లక్షలు పోసి ఇలాంటివి తెప్పించుకుంటాం.

ఇప్పుడొక కమిటీ వెయ్యి. లేబుళ్లు పరిశీలించే కమిటీ. ఆ ఉషని ఛైర్మన్ చెయ్యి. నీ మీద మొదట వేలెత్తి చూపినవాళ్లకే కుర్చీ వెయ్యాలి. కూర్చున్నాక మళ్లీ లేచి అరవడం మర్యాద కాదు కదా. నువ్వు కార్యదర్శివి. ఏది తినొచ్చో, ఏది తినకూడదో ఒక జాబితా అచ్చేసి ఇంటింటికీ పంచు. మూడు నెలల్లో గరిటె వాళ్లే తెచ్చి నీ చేతిలో పెడతారు.

ఆ పెద్దావిడ గురించి బెంగపడకు. ప్రకటన ఎవరికి చేరాలో వాళ్లనే మా భాషలో ప్రేక్షకులంటారు. ఆవిడ మన ప్రేక్షకుల్లో లేరు.

బావ

—

లైమా
జూలై 6, 1982

బావగారికి,

మీరు గెలిచారు. జాబితాకి ఎంత పేరొచ్చిందంటే పక్క ఊళ్ల సంఘాల వాళ్లు కూడా కాపీలు అడుగుతున్నారు. ఉష నన్ను శ్యామ్ అన్నయ్యా అంటోంది. దసరాకి వంట నన్నే చూడమన్నారు. శాలువా మళ్లీ కప్పుతారేమోనని భయంగా ఉంది.

చిక్కు ఇంకోచోట వచ్చింది. నిన్న వసుమతమ్మగారు స్వయంగా ఫోన్ చేశారు. వచ్చే నెల పదకొండున వాళ్ల ఆయన తద్దినం. ఇన్నాళ్లూ ఆవిడే మడి కట్టుకుని వండేవారు, ఈ ఏడు మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. కోడలి చేతి వంట తద్దినానికి ఒప్పుకోరు. "నువ్వయితే నాకు నమ్మకం నాయనా, నువ్వొచ్చి వండిపెట్టు, ఆయన తృప్తిగా తిని పోతారు" అన్నారు.

పక్కనుంచి రాజగోపాల్ గారు ఫోన్ అందుకున్నారు. తర్వాత విడిగా మళ్లీ చేశారు. "నువ్వు కాదంటే ఎందుకని అడుగుతుంది. అవునంటే గొడవ లేదు. ప్లీజ్, నోరు మాత్రం విప్పకు" అని బతిమాలారు. హార్ట్ ఆపరేషన్లు చేసే మనిషి అంత వణుకుతూ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడకి చెప్పకుండా ఆ పొయ్యి ముందు ఎలా నిలబడను? చెబితే ఆవిడ ఏమైపోతారు?

శ్యామ్

—

మిల్వాకీ
జూలై 14, 1982

శ్యామ్,

వెళ్లి వండు. అన్నీ నీ చేత్తో కలుపు, డబ్బా ఒక్కటి కూడా ముట్టుకోకు. ఆవిడ తృప్తిపడుతుంది, ఆ పోయినాయనా తృప్తిపడతాడు. ఎవరికి నష్టం?

నీకొక సంగతి చెబుతాను. చదివి చింపెయ్. మా కంపెనీ వెజిటబుల్ సూప్ డబ్బా ఉంది చూడు, ఆకుపచ్చ లేబుల్ది. మీ అక్కకి అదంటే ప్రాణం. ఉద్యోగులకి ఊరికే ఇస్తారు కాబట్టి ప్రతి నెలా ఒక పెట్టె ఇంటికి తెస్తాను. దాని లేబుల్ మీద చివర్న "సహజమైన రుచులు" అని ఉంటుంది. ఆ రెండు మాటలూ నేను రాసినవే, డెబ్భై ఆరులో. ఆ మాటల వెనక ఉన్నది ఆవు ఎముకల సారం. చట్టం ఒప్పుకుంది, జనం మెచ్చుకున్నారు, నాకు ప్రమోషన్ వచ్చింది.

ఆరేళ్లుగా నళిని అది తాగుతోంది. ఏకాదశి నాడు కూడా తాగుతోంది. ఆమె ఆరోగ్యానికేం తక్కువైంది? దేవుడికి పెట్టే దీపం మానేసిందా? తెలియకపోవడం కంటే పెద్ద మడి లేదురా శ్యామ్. మనం చేసే వృత్తి అంతా ఆ మడి కాపాడడమే.

తద్దినానికి అరటికాయ కూర మర్చిపోకు.

బావ

—

లైమా
జూలై 20, 1982

బావగారికి,

ఉత్తరం చింపాను. చింపేముందు రెండుసార్లు చదివాను. ఆ సూపు ఎంత బాగుంటుందో అక్కయ్య నాకు రాస్తూ ఉంటుంది, పోయిన చలికాలం నాకూ ఆరు డబ్బాలు పార్సిల్ చేసింది. మీకు ఒళ్లు మండేట్టు ఏదో రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఎందుకో చెబుతాను.

నాలుగు గ్రాములని ఠక్కున ఎలా చెప్పావని ఏప్రిల్‌లో అడిగారు. ముందే లెక్క వేసుకున్నాను కాబట్టి చెప్పాను. ఆ డబ్బా మీద ఉన్నది నేను షాపులోనే చదివాను. చదివి వెనక్కి పెట్టేశాను. పాల సెక్షన్ దాకా వెళ్లి, మూడు వందల కాయలు, ఒక్క రాత్రి అనుకుని, మళ్లీ వెనక్కొచ్చి తీసుకున్నాను. వేగితే పోతుందిలే అని బిల్ కట్టే లైన్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రకటనలో "తెలియక" అన్న మాట మీరు వేశారు. దాన్ని నేను కొట్టెయ్యలేదు.

వసుమతమ్మగారికి చెబుతాను. అక్కయ్యకి మాత్రం నేనేమీ చెప్పను, అది మీ ఇంటి సంగతి.

శ్యామ్

—

మిల్వాకీ
జూలై 26, 1982

శ్యామ్,

ఇలాంటివి కాగితం మీద పెట్టకూడదు. నేను కూడా చింపేశాను.

చెప్పే తీరాలంటే "తెలియక" దగ్గరే ఉండు. ఆ ఒక్క మాట వదిలితే నిన్ను కాపాడడానికి నా దగ్గర ఏమీ లేదు. కొడుకు పక్కన ఉన్నప్పుడు చెప్పు, ఆవిడ కింద పడితే డాక్టరు ఉంటాడు. రెండు నిమిషాల్లో ముగించి వచ్చెయ్.

నా ఉత్తరం నిజంగానే చింపావు కదా?

బావ

—

లైమా
ఆగస్టు 15, 1982

బావగారికి,

ఏడో తారీఖు శనివారం వెళ్లాను. వసుమతమ్మగారు డైనింగ్ టేబుల్ దగ్గర తద్దినానికి పెసరపప్పు బాగుచేసుకుంటున్నారు. రాజగోపాల్ గారు నన్ను చూడగానే పేపరు మడిచి నిలబడ్డారు. నేను మీ వాక్యంతోనే మొదలుపెట్టాను. "ఉగాది నాటి నైవేద్యం విషయంలో ఒక పొరపాటు దొర్లిందండీ" అన్నాను.

ఆవిడ పప్పులోంచి తలెత్తకుండా, "ఎవరు దొర్లించారు?" అన్నారు.

దాంతో నా దగ్గరున్న ప్రకటన అయిపోయింది. నేనేనండీ అని మొత్తం చెప్పాను. పంది కొవ్వని చెప్పాను. తెలిసి చేశావా, తెలియక చేశావా అని అడిగారు. తెలిసే అన్నాను. పళ్లెంలో చెయ్యి ఆగిపోయింది.

"కొంగున కట్టుకొచ్చింది ఆయన ఫొటో ముందు పెట్టాను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడిచాను కూడా. ఆవిడ ఏడవలేదు.

తర్వాత కొడుకు వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నారు. ఆయన గోడ గడియారం చూశారు. "ఇంకా ఎంతమందికి తెలుసు?" అని నన్నడిగారు. రెండు వందల మందికి అని చెప్పాను. ఆవిడ ముఖం అప్పుడు మారింది, బావగారూ. కొవ్వు సంగతి చెప్పినప్పుడు కూడా అలా మారలేదు. "అయితే నాలుగు నెలలుగా నేను పేరంటాలకి వెళ్లి, పూజల్లో ముందు కూర్చుని, అది ముట్టుకోను ఇది ముట్టుకోను అంటుంటే, మీరంతా నన్ను చూస్తూ కూర్చున్నారన్నమాట" అన్నారు. పళ్లెం పక్కకి జరిపి, "తిన్నదానికి పంచగవ్యం ఉంది. దీనికేముంది?" అన్నారు.

పంచగవ్యానికి మిగతావి ఇంట్లో ఉన్నాయి, ఆవు పంచితం, పేడ తెమ్మని నన్నే పంపారు. ఊరి బయట ఇరవై మైళ్లలో ఒక డెయిరీ ఫారం ఉంది. అరవై దాటిన రైతు ఎందుకని అడిగాడు. ఒక పెద్దావిడకి తినకూడనిది తెలిసే పెట్టాను, ఇది దానికి ప్రాయశ్చిత్తం అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, "ఆవిడకి ఇంకా కోపంగానే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. ఖాళీ పాల జగ్గు తెచ్చిచ్చాడు. ఇద్దరం నలభై నిమిషాలు ఒక ఆవు వెనక నిలబడ్డాం.

ఆవిడ పంచగవ్యం కలిపి పుచ్చుకుని, కొడుక్కీ నాకూ కూడా ఇచ్చారు. తద్దినం వంట స్టూలు మీద కూర్చుని ఆవిడే వండుకున్నారు. నన్ను కూరలు తరగడానికి కూడా రానివ్వలేదు. రాజగోపాల్ గారు నాతో మాట్లాడడం లేదు. సంఘంలో నన్ను మళ్లీ వంట నుంచి తీసేశారు, ఈసారి వండినందుకు కాదు, చెప్పినందుకు. వసుమతమ్మగారు ఇంకెప్పుడైనా పిలుస్తారో లేదో తెలియదు.

మీ సలహాలకి ఋణపడి ఉన్నాను. ఇక పంపనక్కర్లేదు.

శ్యామ్

—

మిల్వాకీ
ఆగస్టు 29, 1982

శ్యామ్,

నీ ఉత్తరంలో మిగతాదంతా నాలుగైదుసార్లు చదివి పక్కన పెట్టగలిగాను. ఎంతమందికి తెలుసని ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం పక్కన పెట్టలేకపోయాను. ఆ సూపు సంగతి మా డిపార్ట్‌మెంట్‌లో పదకొండు మందికి తెలుసు. వాళ్లలో నలుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆవిడ వెజిటేరియన్ అని నేనే గొప్పగా చెప్పాను. నళిని వాళ్లకి ఆ సూపే వేడిచేసి పోసింది, తను కూడా తాగింది. వాళ్లు మర్యాదగా బాగుందన్నారు. ఆ మర్యాద నాకప్పుడు తమాషాగా అనిపించింది.

ప్రకటన రాసుకుందామని రెండు రోజులు కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా రాసినవన్నీ ఫైళ్లలో ఉన్నాయి, తిరగేశాను. ఒక్క వాక్యం కూడా ఇంట్లో అనడానికి పనికొచ్చేది లేదు.

ఇవాళ మధ్యాహ్నం చెప్పాను. నళిని బట్టలు మడతపెడుతోంది. మొత్తం విన్నది. మడతపెట్టడం ఆపలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అన్నీ అయ్యాక ఒక్కటే అడిగింది.

"శ్యామ్‌కి తెలుసా?"

జూలై నుంచి తెలుసని చెప్పాను. జూలై తర్వాత నువ్వు ఆమెకి రాసిన ఉత్తరాలు మూడూ సొరుగులోంచి తీసి మళ్లీ చదువుకుంటోంది. నీకు ఫోన్ చేస్తుంది. ఏం చెప్పాలో నన్నడగకు, నాకు తెలియదు.

బావ